మగ్గాలు ఊయలెక్కిన ఊరు

దుప్పటి కాళ్ళ దాకా కప్పుకున్నావా కన్నా? అయితే ఊఁ కొట్టు. నువ్వు ఊఁ కొడుతుంటేనే నా కథ నడుస్తుంది. మధ్యలో మానేశావంటే ఎక్కడిదాకా వచ్చానో మరిచిపోతాను. అప్పుడు మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి.

అనగనగా సముద్రానికి ఇవతల, మొగలిపొదలకి అవతల, ఒక ఊరు. ఆ ఊరి పేరు మొగలిపేట. ఊరంతా నేతగాళ్ళే. ఇంటింటా మగ్గం.

ఆ మగ్గం నువ్వనుకునే మగ్గం కాదు. గుంట మగ్గం. ఇంటి మధ్యలో నేల తవ్వి, పెద్దవాళ్ళ మోకాళ్ళు మునిగేంత గుంట చేస్తారు. నేసేవాళ్ళు గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేస్తారు. లోపల తొక్కుడు కర్రలుంటాయి. కాళ్ళు కర్రల్ని తొక్కుతాయి. అప్పుడు పైన పడుగు దారాలు కొన్ని లేస్తాయి, కొన్ని దిగుతాయి. ఆ సందులోంచి నాడె అటు పరిగెత్తి, ఇటు పరిగెత్తి, పేక దారం వేస్తుంది. నిలువు దారాలు పడుగు. అడ్డ దారాలు పేక. రెండూ కలిస్తే చీర.

పొద్దున లేస్తే ఊరంతా ఒకటే చప్పుడు. టక్ టకటక్, టక్ టకటక్. చంటిపిల్లలు ఆ చప్పుడులోనే నిద్రపోయేవాళ్ళు. అది ఆగిపోతే ఉలిక్కిపడి లేచేవాళ్ళు.

ఆ ఊళ్ళో తాతల నాటి నమ్మకాలు మూడు ఉండేవి. ఒకటి, ఏటా అమ్మవారికి ఒక చీర నేసి ఇవ్వాలి. రెండు, మగ్గం మీదికి ఎక్కించిన పడుగుని బట్ట పూర్తయ్యేదాకా తియ్యకూడదు. తీస్తే ఇంటికి మంచిది కాదు. మూడోది అన్నిటికంటే గట్టిది. గాలి ఎంత వీచినా, వాన ఎంత కురిసినా, గుంటలో నీళ్ళు ఊరేదాకా ఇల్లు కదలక్కర్లేదు.

అది వాళ్ళ లెక్క. ఇసక నేల కదా, కింద నీరు పెరిగితే గుంట అడుగు చెమ్మగిల్లుతుంది. పగలంతా కాళ్ళు అందులోనే ఉంటాయి. అందరికంటే ముందు మా కాళ్ళకే తెలుస్తుంది అని వాళ్ళ ధీమా.

ఊరికి ఒక్కటే బయటి దారి. ఆ దారి కాలవ మీది తూము దాటి, మెట్ట ఎక్కుతుంది. మెట్ట మీద ప్రభుత్వం వాళ్ళు కట్టిన తుఫాను షెల్టరు ఉంది. గోడలు ఇంత మందం. కానీ ఎవరూ అందులోకి వెళ్ళేవాళ్ళు కాదు. దాని డాబా మీద మిరపకాయలు ఎండబెట్టుకునేవాళ్ళు.

ఊఁ కొట్టు మరి.

ఆ ఊళ్ళో మార్కండేయులు అని ఒక పెద్దాయన. నేతలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. అమ్మవారి చీర ఆయన మగ్గం మీదే తయారయ్యేది. ఆయన లేస్తే ఊరు లేచేది, ఆయన కూర్చుంటే ఊరు కూర్చునేది. ఆయన కొడుకు భావన్న. భావన్నకి ఏటి అవతలి పల్లెనుంచి భద్రమ్మ అనే అమ్మాయిని తెచ్చి పెళ్ళి చేశారు.

భద్రమ్మ వాళ్ళదీ నేత ఇల్లే. ఆమె చిన్నప్పుడు వాళ్ళ పల్లె మీద తుఫాను పడింది. అమ్మ ఆమెని ఎత్తుకుని మెట్టకి పరిగెత్తింది. నాన్న మగ్గం వదిలి రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. భద్రమ్మ అంతవరకే చెప్పేది. అంతకుమించి ఎవరూ అడగలేదు.

మార్కండేయులుకి కోడలంటే ప్రాణం. తను తినే అటుకుల్లో బెల్లం ముక్క పెద్దదొస్తే పక్కన పెట్టి, ఇది నాకు పళ్ళకి అంటుకుంటోందమ్మా అని ఆమెకి ఇచ్చేసేవాడు. ఆమె కూడా మామయ్యా అని పిలిచినప్పుడల్లా లోపల నాన్నా అనే అనుకునేది. అందుకే ఆమెకి ఒకే ఒక్క దిగులు. ఒకసారి మగ్గం దగ్గర నాన్నని పోగొట్టుకుంది. రెండోసారి పోగొట్టుకోదలుచుకోలేదు.

కాపురానికొచ్చిన ఏడే కార్తీకంలో మబ్బు పట్టింది. తుఫాను వస్తోంది, మెట్ట మీదికి వెళ్ళండి అని టముకు వేశారు. ఊరు కదల్లేదు. అందరూ గుంటల్లోకి చూసుకున్నారు. పొడిగా ఉన్నాయి. టక్ టకటక్ మని నేసుకుంటూ కూర్చున్నారు. ఆ తర్వాత గాలి కాసేపు వీచి, వాన కాసేపు కురిసి, తుఫాను పక్కకి తిరిగిపోయింది.

చూశావా, నా కాళ్ళు పంచాంగం కంటే నిక్కచ్చి అన్నాడు మార్కండేయులు.

మర్నాడు పొద్దున భద్రమ్మ పుల్లలకని కాలవ వైపు వెళ్ళింది. అక్కడ బాతుల పోలయ్య నిలబడి ఉన్నాడు. ఆయన బాతులు దారికి అడ్డంగా ఈదుతున్నాయి. కాలవలో కాదు కన్నా, దారి మీద. తూము దగ్గర దారి పల్లంగా ఉంటుంది. అక్కడ మోకాలి పైదాకా నీళ్ళు.

ఇది ఎప్పటినుంచి అని అడిగింది. నిన్న మధ్యాహ్నంనుంచీ ఇంతేనమ్మా, సముద్రం పోటెక్కితే కాలవ వెనక్కి తంతుంది, మాకు పండగే అన్నాడు పోలయ్య. మాకు అంటే తనకీ బాతులకీ.

భద్రమ్మ పుల్లలు అక్కడే పడేసి ఇంటికొచ్చింది. గుంటలోకి చెయ్యి పెట్టి అడుగున గోకి చూసింది. దుమ్ము లేచింది.

అప్పుడు ఆమెకి అర్థమైంది. ముందు దారి మునుగుతుంది. గుంట చివర్న తడుస్తుంది. గుంట తడిసింది కదా అని లేస్తే, అప్పటికి వెళ్ళడానికి దారే ఉండదు.

మామగారికి చెప్పింది. బాతులు ఈదితే వరదేనా తల్లీ అని నవ్వాడాయన. పక్కింటి కొండమ్మత్తకి చెప్పింది. కొండమ్మత్త నోరు కత్తెర. సాయంత్రానికల్లా వీధంతా చెప్పేసింది, మార్కండేయులు కోడలు బాతుల పంచాంగం చదువుతోందర్రా అని. భావన్నకి చెప్పింది. అతను వెళ్ళి తూము చూసొచ్చాడు. నువ్వన్నది నిజమే అన్నాడు. కానీ నాన్న లేవంది ఊరు లేవదు అని కూడా అన్నాడు.

భద్రమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. నూలు చిక్కుపడితే నేతింటి పిల్ల కత్తెర తియ్యదు. కొస ఎక్కడుందో వెతుకుతుంది. ఆమె కూడా అలాగే వెతికింది.

మొదటి చిక్కు దారి. ఆమె ఎర్ర రంగు నూలు చిలప ఒకటి తీసుకెళ్ళి, తూము పక్క రాతి స్తంభానికి కట్టింది. దారి మట్టానికి బాగా కిందుగా కట్టింది. నీళ్ళు నూలుని తాకాక కూడా ఊరంతా దాటిపోయేంత వ్యవధి ఉండాలి కదా. మామూలు రోజుల్లో కాలవ నీళ్ళు దాని దాపులకి కూడా రావు. పోలయ్యతో, నీ బాతులతోపాటు నా నూలు కూడా ఓ కంట చూడు బాబాయ్, తడిస్తే ఊళ్ళో చెప్పు అంది. పోలయ్యకి అంతవరకూ ఊళ్ళో ఎవరూ ఏ పనీ అప్పగించలేదు. అతను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ నూలుని పలకరించి వెళ్ళేవాడు.

రెండో చిక్కు పడుగు. నేతగాళ్ళు ఇల్లు వదలకపోవడానికి గుంట ఒక్కటే కారణం కాదు. సగం నేసిన చీర వదిలి వెళ్ళలేరు. కొయ్యలేరు, మొయ్యలేరు. అందుకని భద్రమ్మ, భావన్న అతని మగ్గం మీది ముతక తువ్వాళ్ళ పడుగుతో ప్రయత్నం మొదలుపెట్టారు. పడుగుని లాగి కట్టిన తాడు వదులు చేశారు. ఒక్క పోగు తెంపకుండా అవతలి కొసనుంచి చుట్టుకుంటూ, పోగుల్ని వరసగా పట్టి ఉంచే అచ్చుతో సహా, నేసిన బట్ట దాకా తెచ్చారు. మొత్తం చుట్ట పాత చీరలో పెట్టి, ఊయలలా దూలానికి కట్టారు.

మొదటిసారి కిందికి దింపి చూస్తే పోగులన్నీ కలిసిపోయి పిచ్చుకగూడైంది. విడదీసేసరికి తెల్లారింది, పొద్దుగూకింది. రెండోసారి పోగులు వరస తప్పకుండా మధ్యలో ఒక వెదురు బద్ద దూర్చారు. బద్ద జారిపోయింది. మళ్ళీ పిచ్చుకగూడు. మార్కండేయులు తన మగ్గం మీదనుంచి చూడనట్టే చూస్తున్నాడు. చూసి చూసి ఇక ఉండబట్టలేదు.

"ఒక బద్ద నిలవదు. అటొకటి, ఇటొకటి, రెండు పెట్టి కట్టండి. అయినా మగ్గం మీది పడుగు దించకూడదని మీకు తెలియదూ?"

"దించట్లేదు మామయ్యా. ఊయలెక్కిస్తున్నాను," అంది భద్రమ్మ.

ఆయన హుఁ అని నాడె విసిరాడు. మీసాల కింద ఏదో కదిలింది గానీ అది నవ్వని ఒప్పుకోడు.

మూడోసారి రెండు బద్దలు పెట్టారు. దింపి, తాడు బిగించి, నాడె వేస్తే ఆగిన పోగు దగ్గరే మళ్ళీ మొదలైంది. ఏ పోగూ తెగలేదు.

ఇంక మూడో చిక్కు. అది అన్నిటికంటే పెద్దది. మరుపు.

తుఫాను వెళ్ళిన వారంలో అందరూ భద్రమ్మ మాట కాస్త విన్నారు. ఎండ రాగానే మరిచిపోయారు. కన్నా, అది మనుషుల తీరు, వాళ్ళని తిట్టకూడదు. భద్రమ్మకి తన గురించి కూడా భయమే. ఆ రోజు వచ్చినప్పుడు, గాలి హోరు మధ్య, గుండె దడదడలాడుతుంటే, ముందు ఏం చెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలి, తనకైనా గుర్తుంటుందా? భయపడిన బుర్రలో ఏమీ నిలవదు.

అలా ఆలోచిస్తూ ఒక మధ్యాహ్నం కూర్చుంది. అప్పుడు కొండమ్మత్త అరుగు మీద మనవరాలిని జోకొడుతోంది. జోకొడుతూ కొడుతూ కొండమ్మత్త నిద్రపోయింది. కళ్ళు మూసుకుపోయాయి, తల వాలిపోయింది. కానీ పాట ఆగలేదు. ఒక్క మాట తప్పలేదు.

భద్రమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. బుర్ర మరిచిపోయినా నోరు మరవనిది ఒకటుంది. జోలపాట.

ఆ తర్వాత ఆమె చెయ్యాల్సిన పనులన్నీ వరసగా పేర్చి ఒక జోల కట్టింది. ఊయలలో మగ్గాన్ని జోకొట్టే జోల.

దసరా నాడు ఆ ఊళ్ళో మగ్గాలకి పూజ చేసేవాళ్ళు. మర్నాడు కూడా మగ్గాలకి సెలవే. ఆ సెలవు రోజున భద్రమ్మ వీధిలో ఆడవాళ్ళని పిలిచింది. ఇవాళ మగ్గాలకి ఊయల పండగ, మెట్ట మీద పులిహోర అంది. మగ్గాన్ని ఊయలలో వెయ్యడమేమిటని పెద్దవాళ్ళు నోరు నొక్కుకున్నారు. పిల్లలకి మాత్రం ఒక్క పూటలో జోల నోటికొచ్చేసింది. వాళ్ళు ఇంటింటికీ తిరిగి పాడితే మగ్గాలు దూలాలెక్కాయి. మగవాళ్ళు ఎగతాళి చేస్తూనే పులిహోర కోసం మెట్టెక్కారు.

మొదటి ఏడు మెట్టెక్కి చూస్తే షెల్టరు తాళం తుప్పు పట్టి ఉంది. నూనె పోసి, రాయితో కొట్టి తెరిచారు. నిజంగా తుఫానులో వచ్చి ఉంటే తాళం ముందు నిలబడి తడిసేవాళ్ళం కదా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రెండో ఏడు తాళం బాగానే ఉంది. కొండమ్మత్త మోకాళ్ళు బాగాలేవు. సగం దారిలో కూలబడి, నన్నిక్కడే వదిలెయ్యండర్రా, పులిహోర మాత్రం పంపండి అంది. దాంతో ఒక కుర్చీకి రెండు వెదురు బొంగులు కట్టి పల్లకీ తయారుచేశారు. అది ఎక్కాక ఆమెకి భద్రమ్మ మీద ప్రేమ పుట్టింది. బాతుల పంచాంగమే మంచిదర్రా అని చెప్పుకొచ్చింది.

మూడో ఏడు ఏ లోటూ రాలేదు. పులిహోర ఒక్కటే తక్కువైంది.

కానీ కన్నా, ఆ మూడేళ్ళూ మార్కండేయులు మెట్టెక్కలేదు. మీరు వెళ్ళి రండి, నేను ఇల్లు చూసుకుంటాను అనేవాడు. తన మగ్గాన్ని ఊయలెక్కించనిచ్చేవాడు కాదు. భద్రమ్మ పులిహోర తెచ్చి పెడితే తినేవాడు, ఉప్పు తగ్గిందనేవాడు.

ఊఁ. నిద్రపోలేదు కదా? ఇప్పుడే అసలు సంగతి.

ఆ ఏడు కార్తీకంలో ఒక పొద్దున ఆకాశం రాగిచెంబు రంగుకి తిరిగింది. సముద్రం దూరంనుంచి గర్జించడం మొదలుపెట్టింది. టముకు వేశారు. పెద్ద తుఫాను, వెంటనే మెట్టెక్కండి అన్నారు. జనం వీధిలోకొచ్చారు. కొందరు మూటలు సర్దారు. కొందరు పాత అలవాటు కొద్దీ గుంటల్లోకి తొంగిచూశారు. గుంటలు పొడిగా ఉన్నాయి. అందరూ మార్కండేయులు ఇంటి వైపు చూశారు.

మార్కండేయులు అమ్మవారి చీర నేస్తున్నాడు. పసుపు పచ్చటి చీర. ఇంకో మూరెడు నేస్తే అయిపోతుంది.

అప్పుడు తూము వైపునుంచి పోలయ్య వచ్చాడు. బాతుల గంప నెత్తిన ఉంది. ఎవరేమడిగినా ఆగకుండా తిన్నగా భద్రమ్మ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నూలు తడిసిందమ్మా," అన్నాడు.

భద్రమ్మ అరవలేదు, కంగారు పడలేదు. గుమ్మంలో నిలబడి జోల అందుకుంది. పక్కింట్లో కొండమ్మత్త అందుకుంది. ఎదురింటి పిల్లలు అందుకున్నారు. పాట ఇంటింటా పాకింది. పాట పాకిన ఇంట్లో మగ్గం చప్పుడు ఆగింది. బద్దలు పెట్టారు, పడుగు చుట్టారు, పాత చీరల్లో కట్టి దూలాలకెక్కించారు. పొయ్యిలు ఆర్పారు. గొడ్ల పలుపులు విప్పి మెట్ట వైపు తోలారు. మూడేళ్ళుగా ఆడుకున్న ఆటే కదా, చేతులు వాటంతటవే కదిలాయి. పొయ్యి మీద అన్నం ఉడికేంత సేపట్లో వీధిలోకి వచ్చేశారు.

ఊరంతా నిశ్శబ్దం. ఒక్క మగ్గం మాత్రం ఇంకా మోగుతోంది. టక్ టకటక్.

వీధిలో జనం కాళ్ళు ముందుకి పడలేదు. పెద్దాయన కూర్చున్నాడు కదా, మరి మనం, అన్నట్టు చూశారు. మూట దించి తిరిగి ఇంట్లోకి వెళ్ళబోయినవాళ్ళు కూడా ఉన్నారు. పల్లకీలోంచి కొండమ్మత్త గొంతు చించుకుంది.

"ఒరే మార్కండేయులూ, నన్ను మోసేవాళ్ళు నీ కోసం ఆగిపోయారు. నీ చీర కోసం నన్ను ముంచుతావుట్రా?"

నాడె ఆగలేదు. భద్రమ్మ లోపలికి వెళ్ళింది. గుంట అంచున, మామగారి ఎదురుగా, నేల మీద కూర్చుంది.

"మూరెడే ఉందమ్మా," అన్నాడాయన తల ఎత్తకుండా. "మీరు పదండి. ఇది దింపేసి నేనొస్తాను. గుంట చూడు, దుమ్ము లేస్తోంది. నా కాళ్ళు పొడిగా ఉన్నాయి."

"మా నాన్న కాళ్ళు కూడా పొడిగానే ఉన్నాయి మామయ్యా."

నాడె ఆగింది.

"ఆయనా ఇలాగే గుంటలోకి చూస్తూ కూర్చున్నారు," అంది భద్రమ్మ. "నీళ్ళు గుంటలోంచి రాలేదు. గుమ్మంలోంచి వచ్చాయి."

బయట గాలి మొగలిపొదల్ని ఈడుస్తోంది. మార్కండేయులు చీర వైపు చూశాడు. తన కాళ్ళ వైపు చూశాడు. ఆ తర్వాత కోడలి మొహం వైపు చూశాడు. ఇన్నేళ్ళూ ఆమె చెప్పని మాట ఇవాళ చెప్పింది. నాడె తీసి ఆమె చేతిలో పెట్టాడు. గుంటలోంచి కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పైకి తీసుకున్నాడు.

"బద్దలు రెండు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"అయితే పాడు."

భావన్న కూడా వచ్చి చెయ్యి వేశాడు, ముగ్గురూ కలిసి పడుగు చుట్టారు. మార్కండేయులు కూడా పాడాడు. ఆయన గొంతు బాగోదు. అయినా మాటలన్నీ సరిగ్గా వచ్చాయి. మూడేళ్ళుగా ఇంట్లో ఒక్కడే కూర్చుని, వీధిలో పాట వింటూనే ఉన్నాడు మరి. అమ్మవారి చీర ఊయలెక్కింది. ఆయన గుమ్మం దిగాడు. ఆయన దిగగానే ఊరంతా కదిలింది.

తూము దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు దారి మీద పాకుతున్నాయి. పిల్లల పాదాలు తడిసేంత. నూలుతో పేనిన తాడు ఒకటి అటునుంచి ఇటు కట్టి, దాన్ని పట్టుకుని నడిచారు. ముసలివాళ్ళు ముందు, పసివాళ్ళు చంకల్లో. చివరికి దాటింది మార్కండేయులు. అప్పటికి ఆయన పిక్కల దాకా వచ్చాయి. మెట్ట మీద నిలబడి వెనక్కి తిరిగి చూస్తే దారి లేదు. కాలవా దారీ ఒకటైపోయాయి.

"ఇప్పటికి ఇంట్లో గుంట తడుస్తూ ఉంటుందేమో," అన్నాడు మెల్లగా.

షెల్టరులో భద్రమ్మ ఇల్లిల్లూ పేరుపేరునా పిలిచింది. అందరూ పలికారు. పోలయ్యని పిలిస్తే అతనూ పలికాడు, గంపలో బాతులూ పలికాయి. అంత భయంలోనూ అందరికీ నవ్వొచ్చింది. ఆ తర్వాత గాలి వచ్చింది కన్నా. తలుపుల్ని గుద్దింది, గోడల్ని తోసింది. లోపల తల్లులందరూ ఒకే జోల పాడారు. పిల్లలు నిద్రపోయారు. గాలి అరిచి అరిచి అలిసిపోయి, అదీ నిద్రపోయింది.

నీళ్ళు తీశాక ఊళ్ళోకి దిగారు. మట్టిగోడలు కొన్ని కూలిపోయాయి. తాటాకు కప్పులు చాలా ఎగిరిపోయాయి. గుంటలన్నీ బురదతో పూడిపోయి, ఎక్కడున్నాయో కూడా తెలియలేదు. నిలబడిన గోడల మీద నీటి గీత మనిషి గుండెలంత ఎత్తులో ఉంది. గుంట అంచున కూర్చున్న మనిషి తల ఎంత ఎత్తులో ఉంటుందో నేతగాళ్ళకి వేరే చెప్పాలా?

కానీ పైకి చూస్తే, దూలాలకి ఊయలలు వేలాడుతున్నాయి. గిజిగాడి గూళ్ళలాగా. గాలికి మెల్లగా ఊగుతూ.

అన్నీ నిలవలేదులే. కొన్ని ఇళ్ళల్లో దూలాలే విరిగాయి, పడుగులు పాడైపోయాయి. ఆ ఇళ్ళవాళ్ళు ఏడ్చారు. అప్పుడు మిగతావాళ్ళు తమ పడుగుల్లోంచి తలా కొన్ని పోగులు తీసి వాళ్ళకి కొత్త పడుగులు వేసి ఇచ్చారు. నేసే చేతులన్నీ ఉన్నాయి కదా. చేతులుంటే చీరకేం.

మార్కండేయులు ఇంట్లో ఊయల ఒక పక్కకి ఒరిగి, అమ్మవారి చీర నేత ఆగిన కొస ఉప్పునీళ్ళలో నానింది. ఆయన దాన్ని మంచినీళ్ళతో కడిగాడు. గుంటలో బురద ఎత్తిపోశాడు. భద్రమ్మ తన దగ్గరున్న నాడె తెచ్చి ఇచ్చింది. ఆగిన పోగు దగ్గరే మళ్ళీ మొదలుపెట్టి, ఆ మూరెడూ నేశాడు.

కానీ ఆగిన చోట ఒక సన్నటి గీత మిగిలిపోయింది. ఉప్పు మరక. ఉతికితే పోలేదు. అమ్మవారికి మచ్చ ఉన్న చీర ఇస్తామా, విప్పేసి మళ్ళీ నేద్దామా అన్నాడు భావన్న. కొండమ్మత్త కూడా అదే అంది.

మార్కండేయులు ఆ గీత మీద వేలు పెట్టి రాశాడు.

"ఉండనీండి," అన్నాడు. "నేను ఎక్కడ లేచానో అమ్మవారికి తెలియాలి. రేపు నేను మరిచిపోతే ఆవిడే గుర్తుచేస్తుంది."

చీర కట్టారు. అమ్మవారు ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఏటా అమ్మవారి చీరలో, చివరి మూరెడుకి ముందు, ఒక ఎర్ర పోగు వెయ్యడం ఆ ఊరికి అలవాటైంది. తూము దగ్గర భద్రమ్మ కట్టిన నూలు రంగే. ఆ పోగు వేసిన రోజున నేసే మనిషి మగ్గం మీదనుంచి లేచి, వీధి చివరిదాకా నడిచి వచ్చి, మళ్ళీ కూర్చుంటాడు. లేవడం అలవాటు తప్పకూడదని. ఇక దసరా మర్నాడు ఊయల పండగకి అందరికంటే ముందు మెట్టెక్కేది ఎవరనుకున్నావు? మార్కండేయులే. పులిహోర గిన్నె ఆయన చేతిలోనే ఉండేది. ఉప్పు తనే చూసేవాడు.

ఇప్పుడు ఆ జోల నాతోపాటు పాడు. నీ నోటికి వచ్చిందంటే ఇక నేను మరిచిపోయినా పరవాలేదు.

జో జో మగ్గమ్మా, జోలాలి మగ్గమ్మా,
బద్దలు రెండు పెట్టి, పడుగంతా చుట్టి,
పాత చీరన మూటగట్టి, దూలాన వేలగట్టి,
పొయ్యిలో నిప్పు ఆర్పి, గొడ్డు పలుపు విప్పి,
ముసలివాళ్ళు ముందు, పసివాళ్ళు చంక,
గుంట తడవకముందే మెట్ట ఎక్కుదామా,
నీళ్ళు తీసినాక నిన్ను దింపుదామా,
జో జో మగ్గమ్మా, జోలాలి మగ్గమ్మా.

బద్దలు ఎన్ని? ఊఁ, రెండు. ముందు ఎవరు? ముసలివాళ్ళు. అంటే నేనన్నమాట. నన్ను ముందు నడిపించి, వెనక నువ్వు రావాలి. గుర్తుంటుందిగా? సరే, కళ్ళు మూసుకో.

నడిచి నడిచి కథ కంచి చేరింది,
ఊయల దిగి మగ్గం గుంట చేరింది,
నాడె ఆగింది, నా నోరు ఆగింది,
ఇంటికొచ్చి కునుకు నీ కన్ను చేరింది.